మొటిమల గుంతలూ, నేను తప్పుగా విన్న ఒక మాటా

చర్మవైద్యంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు జయనగర్‌లో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ చల్లారక ముందే అడిగేస్తారు: "సార్, మొటిమల గుంతలకి ఏ లేజర్ బెస్ట్?" నాకు ఒళ్ళు మండుతుంది. ఏ లేజర్ మంచిదో అమ్మేవాడు చెబుతాడు, వాడి ఉద్యోగమే అది. ఆ గుంత ఎలాంటిది, ఎవరి ముఖం మీద ఉంది, దానివల్ల ఆ మనిషికి ఏ పని ఆగిపోయింది అన్నవి మాత్రం ఎవరూ వచ్చి చెప్పరు. మీరే కనుక్కోవాలి.

పోయినేడు క్లినిక్ మూసేశాను. ముప్పై ఎనిమిదేళ్ళు ఈ ఊళ్ళోనే ముఖాలు చూశాను. పదవులూ సన్మానాలూ రాస్తే మీకు ఆవలింతలు వస్తాయి, నాకూ వస్తాయి. అందుకని ఒక గురువు గురించి, ఒక నర్సు గురించి, ఒక పేషెంటు గురించి, నేను చేసిన రెండు తప్పుల గురించి రాస్తున్నాను. ఈ ముగ్గురు ఆడవాళ్ళూ నాకన్నా గొప్పవాళ్ళు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు హాయిగా ఉంటుంది.

లైటు ఆర్పేసే మేడమ్

నేను పని నేర్చుకున్నది ఒక ప్రభుత్వాసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో. మా పెద్ద డాక్టరు సరళా మేడమ్. చిత్తూరు వైపు మనిషి, ఎత్తు నాలుగడుగుల పది అంగుళాలు, గొంతు మాత్రం వరండా చివరిదాకా వినపడేది. ఎవరైనా ముఖం మీద గుంతలతో వస్తే ఆమె చేసే మొదటి పని గదిలో లైటు ఆర్పేయడం. కిటికీ తెర కూడా లాగేసి, పేషెంటును స్టూలు మీద నిటారుగా కూర్చోబెట్టి, టార్చిలైటును చెవి పక్కనుంచి చెంప మీదికి అడ్డంగా కొట్టేది. అప్పుడు కనపడేది అసలు ముఖం. ఎదురుగా లైటు ఉన్నప్పుడు నున్నగా ఉన్న చెంప మీద ఒక్కో గుంత తన నీడతో సహా పైకి తేలేది.

నేను మొదటి వారంలో ఒక కాలేజీ కుర్రాడిని బల్ల మీద పడుకోబెట్టి పెన్నుతో గుంతలకు గుర్తులు పెడుతున్నాను. మేడమ్ వెనకనుంచి వచ్చి పెన్ను లాక్కుంది.

"ఏమప్పా, పండుకోబెట్టి గీస్తాండావు? పండుకుంటే చెంప వెనక్కి జారుతుంది, గుంతలన్నీ దాక్కుంటాయి. ఈ పిల్లోడు కాలేజీకి పండుకోని పోతాడా? లేపు. కూర్చోబెట్టు."

అంతే. ఆ ఒక్క తిట్టుతో నేర్చుకున్నది ఇప్పటికీ పనికొస్తోంది.

నా మొదటి తప్పు కూడా ఆమె దగ్గరే చేశాను. అప్పట్లో చర్మాన్ని తిరిగే చక్రంతో పైపొర గీకేసే పద్ధతి ఉండేది. నాకు ఆ చక్రం అంటే మోజు. ఒక బ్యాంకు ఉద్యోగిని ముఖం మీద కొంచెం లోతుగా గీకాను. గుంతలు నిజంగానే తగ్గాయి, కానీ మన చర్మం గాయపడితే ఊరుకోదు, నల్లబడుతుంది. ఆమె చెంపలు రెండూ నెలల తరబడి కాలినట్టు నల్లగా ఉండిపోయాయి. ఆమె తండ్రి ఆసుపత్రికి వచ్చి గలాటా చేశాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. మేడమ్ ఆయన ముందుకు వెళ్ళి, "తప్పు నాది. నేను చూస్తా ఉండాల్సింది, చూడలేదు. మీ బిడ్డ రంగు మామూలయ్యేదాకా నేనే చూసుకుంటాను" అంది. నా పేరే ఎత్తలేదు. ఆయన వెళ్ళాక నన్ను తిట్టిందా అంటే అదీ లేదు. "పొద్దున్నుంచీ ఏమీ తినలేదు గదా, పో" అని క్యాంటీన్‌కు పంపింది. పై అధికారి అంటే ఎలా ఉండాలో నాకు తెలిసింది ఆ పూటే.

ఇంకో నియమం ఉండేది ఆమెకు. "పోతాయి" అనకూడదు, "తగ్గుతాయి" అనాలి. పేషెంటు ఎంత బతిమాలినా సరే. నేను ఎప్పుడైనా నోరుజారి "పోతాయమ్మా" అంటే బల్ల కింద కాలు తొక్కేది.

గుంతలన్నీ ఒకటి కావు

ఇది పాఠం లాంటిది, ఓపిగ్గా చదవండి. టీవీలో ఒకే ట్యూబుతో అన్ని గుంతలూ పూడ్చేస్తామంటారే, వాళ్ళను నమ్మకండి. పైనుంచి రాసే ఏ క్రీమూ గుంతను పూడ్చదు.

కొన్ని గుంతలు సూదితో పొడిచినట్టు సన్నగా, లోతుగా ఉంటాయి. వాటికి నేను వాడింది పుల్ల. పళ్ళు కుట్టుకునే పుల్లే, మొన ఇంకాస్త సన్నగా చెక్కింది. దాన్ని గాఢమైన యాసిడ్‌లో ముంచి, గుంత అడుగున చుక్క పెడితే తెల్లగా అవుతుంది. వారంలో చెక్కు రాలి, లోపలినుంచి కొత్త చర్మం కాస్త కాస్తగా పైకి వస్తుంది. నెలకో విడత చొప్పున నాలుగైదు విడతలు పడుతుంది. చుక్క పక్కన పడితే కొత్త మచ్చ మీరే పెట్టినట్టు. చెయ్యి వణికే రోజున ముట్టుకోకండి.

కొన్ని వెడల్పుగా, అంచులు లేకుండా, పరుపు మీద కుట్టు లాగినట్టు ఉంటాయి. లోపల నారలు చర్మాన్ని కిందికి పట్టి లాగుతుంటాయి. అక్కడ పైన ఏం రాసినా, ఏ కాంతి కొట్టినా ఆ నార వదలదు. మత్తిచ్చి, చర్మం కిందికి సూది పోనిచ్చి, ఆ నారలు తెంపాలి. తెగేటప్పుడు చేతికి 'పుట్' మని తెలుస్తుంది. తర్వాత కమిలి, వాచి, వారం పది రోజులు కొట్టించుకున్న ముఖంలా ఉంటుంది. ఆ సంగతి ముందే చెప్పకపోతే ఇంట్లో అద్దం చూసుకుని మీకు ఫోన్లమీద ఫోన్లు చేస్తారు, చేయాలి కూడా.

మూడో రకానికి అంచులు నిటారుగా, చెక్కినట్టు ఉంటాయి. లోతుగా ఉంటే చిన్న గుండ్రటి కత్తితో అడుగుభాగాన్ని కోసి పైకి లేపాలి. సన్నసూదుల పరికరమూ లేజరూ వీటన్నిటి తర్వాత నునుపు చేయడానికి పనికొస్తాయి. లేజరంటే నాకు కోపం లేదు. మనవాళ్ళ రంగు చర్మం మీద ఆత్రంగా వాడేవాళ్ళంటే కోపం. ఇంకా మొటిమలు పొంగుతున్న ముఖం మీద వీటిలో ఏదీ మొదలుపెట్టకండి. ముందు మంట ఆరాలి. ఆన్‌లైన్‌లో సూదుల రోలర్ తెప్పించుకుని ఇంట్లో దొర్లించుకునేవాళ్ళు వస్తే మాత్రం తిట్టండి, నేను చెప్పానని చెప్పండి.

చాలా ముఖాల మీద మూడు రకాలూ కలిసే ఉంటాయి. ఏది ఎక్కడుందో తెలిస్తే సగం వైద్యం అయినట్టు. ఇంత తెలిసిన నేను, తల నెరిశాక, హేమావతి విషయంలో ఏం చేశానో వినండి.

హేమావతి చెప్పిన మచ్చ

నా క్లినిక్ చివరి ఏళ్ళలో, ఒక జూన్ నెలలో వచ్చింది. ఇరవై నాలుగేళ్ళు. వాళ్ళు హిందూపురం దగ్గరివాళ్ళు, తండ్రి జిగణిలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. కరోనా పోయి ఏళ్ళయినా ఈమె మాస్కు తీయలేదు. ఫోటోల్లో మాస్కు, పెళ్ళిళ్ళలో మాస్కు, టిఫిన్ కూడా గోడవైపు తిరిగి తినేదట. చెవిటి పిల్లలకు చదువు చెప్పే కోర్సు చేసి, బొమ్మనహళ్ళి వైపు ఒక చిన్న బడిలో టీచరుగా చేరింది. ఇంటర్వ్యూలో ఒక్క నిమిషం మాస్కు తీసి, అలర్జీ అని చెప్పి మళ్ళీ పెట్టుకుంది.

"మచ్చలు పోవాల సార్," అంది.

నా కొత్త లైటు వేశాను. గుండ్రంగా, పళ్ళెమంత ఉండే లైటు. ఎదురుగా పెడితే ముఖం మీద నీడ అన్నదే ఉండదు. చెంపల నిండా మొటిమలు వదిలిన గోధుమరంగు మచ్చలు కనపడ్డాయి. గుంతలూ ఉన్నాయి, కాదనను, కానీ ఆ వెలుగులో పెద్దగా అనిపించలేదు. మచ్చలు అంది కదా, మచ్చలకే మందులు రాశాను. రాత్రికో క్రీము, పగటికి సన్‌స్క్రీన్, రెండు వారాలకోసారి పైపూత. ఆమె అక్షరం పొల్లుపోకుండా పాటించింది.

ఆగస్టు చివర్లో వచ్చింది. నలుపు దాదాపు పోయింది. నేను నవ్వుతూ, "చూశావా, ఎంత తేటగా ఉందో" అన్నాను. ఆమె ఏడవడం మొదలుపెట్టింది.

"మచ్చలు ఇంకా ఎక్కువైనాయి సార్. ముందన్నా నలుపులో కలిసిపోయి ఉండె. ఇప్పుడు ఒగొకటి లెక్కబెట్టేట్టుండాయి."

నాకు అర్థం కాలేదు. ఏ మచ్చ చూపించమ్మా అన్నాను. వేలు పెట్టి చూపించింది. గుంత. ఇంకోటి చూపించింది. అదీ గుంతే.

"మా అవ్వకు చిన్నప్పుడు అమ్మవారు పోసింది సార్. మొహమంతా ఇట్లే ఉండాది. అమ్మవారి మచ్చలు అంటాము గదా. మా ఇంట్లో నన్ను చూసి, అచ్చం అవ్వ మాదిరే మచ్చలు పడినాయే అంటారు. నలుపు నాకేం బేజారు లేదు సార్, మాది నల్ల కుటుంబమే."

నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. మా నాయనమ్మ ముఖం కూడా మశూచితో గుంతలు పడిన ముఖమే. చిక్కపేటలో మా ఇంట్లో అందరమూ వాటిని మచ్చలనే అనేవాళ్ళం, గుంతలని ఒక్కరమూ అనలేదు. తెలుగింట్లో పుట్టి, ఆ నాయనమ్మ ఒళ్ళో పెరిగి, మచ్చ అంటే రంగు అని ఇంగ్లీషు పుస్తకాల్లో నేర్చుకున్న అర్థం పట్టుకుని కూర్చున్నాను. లైటు ఆర్పి పక్కనుంచి ఒక్కసారి చూసి ఉంటే మాట తప్పుగా విన్నా కన్ను చెప్పేది. అదీ చేయలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"తప్పు నాదమ్మా. నువ్వు సరిగ్గానే చెప్పినావు, నేను వేరేగా విన్నాను. రెండు నెలలు వృథా చేశాను," అన్నాను.

రెండు నెలలంటే ఆమెకు మామూలు విషయం కాదని అప్పుడు తెలిసింది. బళ్ళో హెడ్మిస్ట్రెస్ గడువు పెట్టింది. ఆ పిల్లలు టీచరు పెదాలు చూసి మాట అందుకుంటారు. హేమావతి నోటి దగ్గర ప్లాస్టిక్ కుట్టిన మాస్కు కూడా తయారుచేసుకుని చూసింది. ఊపిరికి ఆవిరి పట్టి ఏమీ కనపడలేదు. పైగా ఆ పిల్లలకు పెదాలొక్కటే చాలవు. కోపమా, ప్రశ్నా, వేళాకోళమా అన్నది చెంపల్లో, నుదుట్లో చదువుకుంటారు. దసరా సెలవులు అయ్యి బడి తెరిచే రోజుకు మాస్కు తీయాలి, లేదంటే వేరే టీచరును చూసుకుంటాం అని చెప్పేశారు. ఆ ఉద్యోగం అంటే ఆమెకు ప్రాణం. ఇంకో చోట దొరుకుతుందా అంటే ఎక్కడైనా ఇదే షరతు.

దసరాకు మిగిలింది నెలా పదిహేను రోజులు. గుంతల వైద్యానికి కనీసం ఏడాది.

గౌరమ్మ అడిగిన ప్రశ్న

"ఒకే దెబ్బకు లేజర్ కొట్టేయండి సార్, ఎంత నొప్పయినా ఓర్చుకుంటా," అంది హేమావతి. కుదరదన్నాను. నల్లబడితే ఇంకో ఆరు నెలలు వెనక్కి పోతాం. అప్పుడు రెండో కోరిక కోరింది.

"అయితే సర్టిఫికెట్ రాయండి సార్. చర్మానికి ఇన్ఫెక్షన్, సంవత్సరం మాస్కు తీయకూడదు అని. డాక్టరు రాస్తే వాళ్ళేం అనలేరు."

మీరు నన్ను ఏమనుకున్నా సరే, నేను లెటర్‌హెడ్ ముందుకు లాక్కున్నాను. రెండు నెలలు పోగొట్టింది నేనే కదా, ఆ బాకీ ఇలా తీర్చుకోవచ్చు అనిపించింది. పెన్ను మూత కూడా తీశాను.

గౌరమ్మ ట్రేలో దూది సర్దుతోంది. ఆనేకల్ మనిషి, నా దగ్గర ఇరవై రెండేళ్ళు నర్సుగా చేసింది. నారలు తెంపిన తర్వాత చెంపను ఎంతసేపు, ఎంత గట్టిగా నొక్కిపట్టాలో ఆమె చేతికి తెలిసినట్టు నాకు కూడా తెలియదు. పేషెంట్ల ముందు నాకు ఎదురు చెప్పిన మనిషి కాదు. ఆ రోజు దూది పక్కన పెట్టింది.

"ఈయమ్మకు సర్టిఫికెట్ ఇస్తారు సరే సార్. ఆ బిడ్డలకేమిస్తారు?"

నేను పెన్ను మూత పెట్టేశాను. హేమావతి గౌరమ్మ వైపు కోపంగా చూసింది, తర్వాత తల దించుకుంది. గౌరమ్మ ఆమె పక్కన కూర్చుని, "నాకు కాన్పులో పొట్ట మీద కోత ఉండాది, ఎవరూ చూడరు, నాకేం తెలుసు నీ కష్టం. అయినా అడిగినా. తిట్టుకోవద్దు," అంది. ఆ మాట నాకు తట్టాల్సింది, ఆమెకు తట్టింది. నర్సును మందులు అందించే మనిషి అనుకునే డాక్టర్లు ఎక్కడున్నా ఇది చదవాలి.

లైటు ఆర్పమన్నాను. టార్చి వెతికితే కనపడలేదు, ఫోనులో లైటు వేసి గౌరమ్మే చెవి పక్కన పట్టుకుంది. హేమావతిని నిటారుగా కూర్చోబెట్టి చూశాను. సన్నగుంతలు ఎక్కువ, వెడల్పువి రెండు చెంపల మీదా ఏడెనిమిది. చేతికి అద్దం ఇచ్చి ఒక్కొక్కటీ చూపించాను. ఏది దేనికి తగ్గుతుంది, ఎంత తగ్గుతుంది, ఏది పెద్దగా తగ్గదు అన్నీ చెప్పాను. ఆ అమ్మాయి తన ముఖాన్ని అంత నిదానంగా ఎన్నడూ చూసుకోలేదట. ఏడవలేదు. ప్రశ్నలు అడిగింది, మంచి ప్రశ్నలు.

"దసరాకు ఎంత తేడా కనపడుతుంది సార్?"

"నీకు తెలుస్తుంది. చూసేవాళ్ళకు తెలియదు," అన్నాను.

దసరా రజా

సెప్టెంబరులో సన్నగుంతలకు యాసిడ్ చుక్కలు మొదలుపెట్టాను. నారలు తెంపడం ఎప్పుడన్నదే చిక్కు. వాపూ కమిలినదీ తగ్గడానికి సెలవులు సరిపోవాలి. ఆమే నిర్ణయించింది. బడికి రజా ఇచ్చిన మొదటి రోజు పొద్దున్నే వచ్చి కూర్చుంది.

నేను సూది కదిలించినంతసేపూ ఆమె కుడిచెయ్యి గౌరమ్మ కొంగును పట్టుకునే ఉంది. ఎడమ చెంప మీద ఒక నార మొండికేసింది. మూడుసార్లు ప్రయత్నించాను. తెగినప్పుడు హేమావతే, "ఇడిసింది సార్!" అంది. నాకన్నా ముందు తనకే తెలిసింది. తర్వాత గౌరమ్మ నొక్కిపట్టింది.

బడి తెరిచే రోజుకు వాపు దిగింది గానీ, కమిలిన రంగు పూర్తిగా పోలేదు. కళ్ళ కింద పసుపు పచ్చగా మిగిలింది. ముందురోజు ఫోన్ చేసింది. "సార్, ముందుకన్నా గోరంగా ఉండాను. రేపే పోవాల." ఇంకో రెండు రోజులు గడువు అడగమన్నాను. "అడగను సార్. అడిగితే ఇంక ఎప్పటికీ తీయను, నాకు తెలుసు," అని పెట్టేసింది.

నేను మర్నాడు పని చేశానన్న పేరే గానీ మనసు బొమ్మనహళ్ళిలో ఉంది. గౌరమ్మ రెండుసార్లు ఫోన్ చూసుకుంది. హేమావతినుంచి ఏ కబురూ లేదు. ఆ వారమంతా లేదు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాం.

గంగ పెట్టిన పేరు

రెండో విడత చుక్కలకు ఇచ్చిన తేదీన తలుపు తోసుకుని వచ్చింది. మాస్కు లేదు. బయట వరండాలో నలుగురి మధ్య కూర్చుని వచ్చింది. నేను మొదటిసారి ఆమె నవ్వు చూశాను. పైవరసలో ఒక పన్ను కాస్త ముందుకు ఉంటుంది, అదీ అప్పుడే చూశాను.

"ఫోన్ చేయలేదే అమ్మా?" అని గౌరమ్మ గద్దించింది.

"పిల్లోళ్ళు ఇడిస్తే గదా అక్కా. నాలుగు నెలలు చెప్పని పాఠాలన్నీ చెప్పించుకుంటాండారు."

బడి తెరిచిన రోజు సంగతి చెప్పింది. క్లాసులోకి వెళ్ళి, బల్ల పట్టుకుని నిలబడి మాస్కు తీసింది. పదకొండు మంది పిల్లలు, పదకొండు మందీ చూశారు. వాళ్ళకు మొహమాటం అన్నది తెలియదు, చూడాలంటే చూస్తారు. ముందు వరుసలో గంగ అని ఏడేళ్ళ పిల్ల లేచి దగ్గరికి వచ్చి, చెంప మీద వేలు పెట్టింది. వెనక్కి తిరిగి మిగతావాళ్ళకు సైగ చేసింది. అందరూ అదే సైగ చేశారు.

"ఏమని చేసింది?" అన్నాను.

ఆ పిల్లలు ఒకరినొకరు పేరు పెట్టి అరవలేరు కదా, అందుకని ప్రతి మనిషికీ ఒక సైగ పెట్టుకుంటారట. ఒకరికి కళ్ళద్దాలు, ఒకరికి ముక్కుపుడక, డ్రైవరుకు మీసం. మనిషిలో ముందు ఏది కనపడితే అది. అందులో ఎగతాళి లేదు. సైగపేరు పెట్టారంటే వాళ్ళలో కలుపుకున్నట్టు. జూన్ నుంచీ ఆమెకు పేరు పెట్టలేకపోయారు, మాస్కు వెనక ఎవరున్నారో వాళ్ళకు తెలియదు. 'ఆ టీచరు' అని వేలు చూపించేవాళ్ళు, అంతే.

హేమావతి చూపుడువేలితో ఎడమ చెంప మీద టకటకా మూడుసార్లు తట్టుకుంది.

"ఇదే సార్ నా పేరు."

గౌరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను గోడమీద క్యాలెండరు చూశాను.

"అయితే వైద్యం ఇక వద్దంటావా?" అన్నాను.

"ఎందుకొద్దు సార్? నాకు కావాల. మిగిలినవన్నీ ఎంత తగ్గితే అంత తగ్గించండి." లేచి అద్దం దగ్గరికి వెళ్ళి, చెంప ఎముక కింద ఒక వెడల్పాటి గుంత మీద వేలు ఆనించింది. "ఈడ తడతారు సార్ నన్ను. ఈ ఒక్కదాని జోలికి పోవద్దు."

ముప్పై ఎనిమిదేళ్ళలో నన్ను ఎవరూ అలా అడగలేదు. మరుసటి ఏడాది దాకా ఆమెకు వైద్యం చేశాను. మిగతావి బాగా తగ్గాయి, నేను అనుకున్నదానికన్నా ఎక్కువే. ఆ ఒక్కదాన్ని ముట్టుకోలేదు.